పెళ్లి ఖర్చు: ముందు విస్తళ్లు లెక్కపెట్టండి

పెళ్లి కుదరగానే ఇంట్లో మొదటి లెక్క బంగారం మీదికి పోతుంది. ఎన్ని తులాలు పెట్టాలి, గొలుసా హారమా, ఈ నెల కొనాలా వచ్చే నెలా అని. తర్వాత చీరలు. భోజనాల మాట మాత్రం, ముహూర్తం పది రోజులు ఉందనగా వంటాయన ఫోన్ చేసి "ఎంతమందికి చెయ్యమంటారు?" అని అడిగినప్పుడు వస్తుంది. డబ్బు చూసుకుని చేసుకోవాల్సిన పెళ్లిలో ఈ వరుస తిరగేయాలి. ఎంతమంది వస్తారో తేలితేనే హాలు ఎంత పెద్దది కావాలో, వంట ఎంతో, బస్సులు ఎన్నో, విడిది గదులు ఎన్నో తేలతాయి. నగ ఒకటి తగ్గించుకోవచ్చు, రెండేళ్ల తర్వాతైనా కొనుక్కోవచ్చు. పిలిచిన మనిషికి అన్నం మాత్రం ఆ రోజే పెట్టాలి.

ఒక చిన్న పట్టణంలో జరిగే పెళ్లి అనుకుని లెక్క వేద్దాం. ఇక్కడ వాడే ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మీ ఊళ్లో కనుక్కున్న ధరలు వాటి స్థానంలో పెట్టుకోండి, పద్ధతి మారదు.

ఒక అతిథి అంటే ఎంత ఖర్చు? మధ్యాహ్న భోజనం జీఎస్టీతో కలిపి 350 రూపాయలు. పొద్దున టిఫిన్ 100 అనుకుంటే, వచ్చేవాళ్లలో సగం మందే తింటారు కాబట్టి తలకు 50. నీళ్ల సీసా, కిళ్లీ 20. తాంబూలం సంచి, అందులో పెట్టే చిన్న వస్తువు 60. శుభలేఖ, దాన్ని పంచడానికి తిరిగిన పెట్రోలు 20. మొత్తం 500. అంటే మీ జాబితాలో ప్రతి వంద పేర్లకూ 50 వేలు. నెలకు 25 వేలు తెచ్చుకునే ఇంటికి అది రెండు నెలల జీతం.

అంతటితో ఆగదు. 300 మందికి సరిపోయే హాలు అద్దె 80 వేలు అనుకుందాం. జనం 450 అయితే ఆ హాలు చాలదు, 1 లక్ష 30 వేల హాలుకు వెళ్లాలి. అద్దెలో తేడా 50 వేలు, హాలు అద్దె మీద జీఎస్టీ 18 శాతం కాబట్టి దాని మీద ఇంకో 9 వేలు. అతిథుల ఖర్చులో తేడా 75 వేలు. పెరిగిన 150 మందికి అయ్యే ఖర్చు మొత్తం 1 లక్ష 34 వేలు. తలకు 500 అనుకున్నది దాదాపు 900 అయింది. అదే ఇంటికి ఇది అయిదు నెలల జీతానికి పైమాటే.

"మరి పేర్లు ఎలా తీసేస్తాం? ఒకరిని పిలిచి ఒకరిని మానేస్తే మాట వస్తుంది" అంటారు. నిజమే, మన ఊళ్లలో పిలుపు చిన్న విషయం కాదు. అందుకే పేర్లు కొట్టేయడంతో మొదలుపెట్టకండి. నోటు పుస్తకంలో మూడు అరలు గీయండి. ఇంటిల్లిపాదీ రావాల్సిన వాళ్లు ఒక అరలో. ఇంటికి ఒకరిద్దరు వచ్చి అక్షింతలు వేసి వెళ్లేవాళ్లు రెండో అరలో. శుభలేఖ ఫోన్‌లో పంపి, పెళ్లయ్యాక జంటగా ఇంటికి వెళ్లి పలకరిస్తే సంతోషించేవాళ్లు మూడో అరలో. అమ్మ, నాన్న, మీరు విడివిడిగా ఈ జాబితా రాయండి, తర్వాత కలిపి చూడండి. నాన్నగారు మొదటి అరలో రాసిన ఆఫీసు వాళ్లు మీ జాబితాలో మూడో అరలో ఉంటారు. వాదన అక్కడే, ఇంట్లోనే, కాగితం మీదే అయిపోవాలి.

మగపెళ్లివారి సంఖ్య ఇంకా సున్నితం. "రెండు బస్సుల్లో వస్తాం" అన్న మాటను సంఖ్యగా మార్చుకోండి: బస్సుకు 50 మంది, వెనక కార్లలో ఇంకో 30. మూడో బస్సు తోడైతే 50 భోజనాలు, 50 టిఫిన్లు, నాలుగైదు విడిది గదులు అదనం. ఈ మాట పెద్దవాళ్ల మధ్య నలిగే బదులు పెళ్లికూతురిగా మీరూ, అబ్బాయీ ఫోన్‌లో తేల్చుకోవడం మంచిది. ముందే ఒక అంకె అనుకుంటే రెండు ఇళ్లకూ గౌరవంగా ఉంటుంది.

ఇక వంట ఒప్పందం. కేటరింగ్ వాళ్లు గ్యారంటీ ప్లేట్లు అని ఒక సంఖ్య అడుగుతారు. ఎంతమంది తిన్నా తినకపోయినా అన్ని ప్లేట్లకు డబ్బు కట్టాల్సిందే అని దాని అర్థం. 300 గ్యారంటీ ఇచ్చి 250 మంది వస్తే, తలకు 350 చొప్పున 17,500 ఊరికే పోయినట్టు. అందుకే 300 మంది వస్తారనుకుంటే గ్యారంటీ 260 ఇచ్చి, ఆ పైన ఇంకో 50 మంది దాకా అదే ధరకు వడ్డించేలా రాయించుకోండి. ప్లేట్లు, విస్తళ్లు ఎన్ని తెచ్చారో ముందు లెక్కపెట్టడానికి, మిగిలినవి చివర్లో లెక్కపెట్టడానికి మీ తరఫున ఒక మనిషిని పెట్టండి. పెళ్లి హడావిడిలో లేని పిన్నిగారో బాబాయిగారో అయితే మేలు.

ధర తగ్గించమని బేరమాడడం కంటే వంటకాల సంఖ్య తగ్గించడం వల్ల ఎక్కువ కలిసొస్తుంది. బియ్యమే చూడండి: తలకు 125 గ్రాముల చొప్పున 300 మందికి 37 కిలోల పైచిలుకు. కిలో 60 అనుకున్నా 2,250 రూపాయలే. ఖర్చు అన్నంలో లేదు. మూడు రకాల స్వీట్లు, రెండు బిర్యానీలు, ఉత్తరాది రొట్టెలు, పనీరు కూర, చాట్ బండి, ఐస్‌క్రీమ్, వీటిలో ఉంది. విస్తట్లో చివరికి మిగిలిపోయేవీ ఇవే. పులిహోర, పప్పు, గుత్తివంకాయ, ఒక వేపుడు, గోంగూర, ఆవకాయ, సాంబారు, అప్పడం, బూరె నెయ్యితో, గట్టి పెరుగు. ఇవి పదే. వేడిగా, అడిగి అడిగి వడ్డిస్తే తిన్నవాళ్లు పదేళ్లు చెప్పుకుంటారు. పాతిక రకాలు చల్లారిపోయి ఉంటే ఎవరికీ గుర్తుండవు. నా అభిప్రాయంలో ఆదా చేసిన డబ్బులో కొంత వడ్డించే మనుషులను పెంచడానికి పెట్టాలి.

ముహూర్తానికీ ఖర్చుకూ సంబంధం ఏమిటని చాలామంది ఆలోచించరు. కానీ ఎన్ని పూటల భోజనం పెట్టాలో నిర్ణయించేది ముహూర్తమే. ఉదయం పదిన్నరకు ముహూర్తమైతే టిఫిన్, భోజనంతో అయిపోతుంది. రాత్రి ఎనిమిదిన్నర అయితే ఒక్క రాత్రి భోజనం, సాయంత్రం దగ్గరివాళ్లకు పలహారం. తెల్లవారుజామున రెండింటికి అయితే రాత్రి భోజనం, అర్ధరాత్రి కాఫీ, పొద్దున టిఫిన్, పడుకోవడానికి గదులు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం రోజులు పోగా మిగిలిన మాసాల్లోనే అందరి పెళ్లిళ్లూ కాబట్టి పెద్ద ముహూర్తం రోజున హాలు, పూలు, మేళం, ఫొటోలు అన్నీ ప్రియం. సిద్ధాంతిగారిని ఒక ముహూర్తం కాకుండా మూడు నాలుగు పెట్టి ఇమ్మని అడగండి. అందులో బుధవారమో గురువారమో పగటి ముహూర్తం ఉంటే దాని మీద హాలువాళ్లతో మాట్లాడండి. శని, ఆదివారాల కంటే మాట వింటారు.

హాలు తీసుకునేటప్పుడు వాళ్ల "రోజు" ఎప్పటి నుంచి ఎప్పటి వరకో రసీదు మీద రాయించుకోండి. ఉదయం ఆరు నుంచి మర్నాడు ఆరు వరకా, మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నం వరకా? రాత్రి ఒంటిగంట నలభైకి ముహూర్తం పెట్టుకుని, ఆరింటికల్లా ఖాళీ చేయాల్సిన హాలు తీసుకుంటే అప్పగింతలు అయ్యేసరికి రెండో రోజు అద్దె పడుతుంది. కరెంటు మీటరు లెక్కనా, జనరేటరు డీజిల్ ఎవరిది, శుభ్రం చేసినందుకు ఎంత, బయటి వంటవాళ్లను రానిస్తారా, బయటి డెకరేషన్ వాళ్లను రానిస్తారా అన్నవి కూడా ముందే అడగాలి. "మా వాళ్లే చేయాలి" అనే హాలులో అద్దె తక్కువ చెప్పినా చివరికి ఎక్కువే అవుతుంది. దేవాలయ ట్రస్టుల కల్యాణ మండపాల్లో రోజు అద్దె 10 వేల లోపు ఉంటే సాధారణంగా జీఎస్టీ ఉండదు. మీ ఊరి గుడి ఆఫీసులో ఒకసారి కనుక్కోండి.

ఇప్పుడు మొత్తం చూద్దాం. బంగారం కాకుండా 6 లక్షలు, 300 మంది. అతిథుల ఖర్చు 1 లక్ష 50 వేలు. హాలు జీఎస్టీతో 94,400, కరెంటూ డీజిలూ శుభ్రతకు 20 వేలు. వేదిక, పూలు 50 వేలు. బట్టలు ఇంటిల్లిపాదికీ 85 వేలు. ఫొటోలు, వీడియో 70 వేలు. పురోహితుడు, సన్నాయి మేళం, పూజ సామగ్రి 35 వేలు. బస్సులు, గదులు 35 వేలు. కలిపితే 5,39,400. మిగిలిన 60,600 ముట్టకూడదు. పెళ్లిలో చివరి మూడు రోజుల్లో పుట్టే ఖర్చులు, అంటే మర్చిపోయిన పెట్టుబడి చీరలు, అదనపు ఆటోలు, పనివాళ్లకు ఇచ్చేవి, అన్నీ అందులోంచే వస్తాయి. నూటికి పది రూపాయలు ఇలా పక్కన పెట్టని లెక్క లెక్క కాదు.

"చదివింపులు వస్తాయి కదా, కొంత కూడుతుంది" అనే ధైర్యం చాలా ఇళ్లలో ఉంటుంది. దయచేసి ఆ డబ్బును రాబడిలో వేయకండి. పుస్తకంలో ఎవరు 516 రాయించారో, ఎవరు 1,116 రాయించారో చూసుకుని, వాళ్లింట్లో శుభకార్యానికి మనం అంతకు తగ్గకుండా పెట్టాలి. తీరిగ్గా తీర్చే బాకీ అది. పైగా పెళ్లినాటి రాత్రి హాలువాళ్లకు, వంటవాళ్లకు కట్టాల్సినప్పుడు ఎంత వస్తుందో ఎవరికీ తెలియదు.

బంగారం దగ్గర నెమ్మదిగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ ఒక్క శాతం తేడా కూడా వేలల్లో ఉంటుంది. లెక్క తేలిక కోసం 22 క్యారెట్ల బంగారం గ్రాము 10 వేలు అనుకుందాం. 20 గ్రాముల గొలుసులో బంగారం విలువ 2 లక్షలు. దాని మీద తరుగు వేస్తారు. నగ చేసేటప్పుడు పోయే బంగారం అని దానికి పేరు, మజూరీ కూడా చాలాచోట్ల అందులోనే కలుస్తుంది. తరుగు 14 శాతమైతే 28 వేలు, మొత్తం మీద జీఎస్టీ 3 శాతం, కలిపి 2,34,840. అదే బరువు, సాదా పని, 8 శాతం తరుగు అయితే 2,22,480. మెడలో తేడా తెలియదు, బిల్లులో 12,360 తేడా. రేపు అవసరం పడి అమ్మితే తరుగు, జీఎస్టీ రెండూ తిరిగి రావు.

రాళ్ల నగలో ఇంకో జాగ్రత్త ఉంది. 40 గ్రాముల హారంలో రాళ్లూ మైనమూ కలిపి 4 గ్రాములుంటే, ఆ బరువు తీసేయకుండా బంగారం ధర కట్టిస్తే 40 వేలు రాళ్లకు పోసినట్టు. మొత్తం బరువు, రాళ్ల బరువు, అసలు బంగారం బరువు బిల్లులో విడివిడిగా ఉండాలి. హాల్‌మార్క్ నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరింటితో ఒక గుర్తు ఉంటుంది. హెచ్‌యూఐడీ అంటారు. ప్రతి నగకూ వేరే గుర్తు. హాల్‌మార్క్ తప్పనిసరి ఉన్నచోట్ల 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ గుర్తు లేకుండా నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ గుర్తు కొడితే నగ వివరాలు కనిపిస్తాయి. దుకాణంలో నిలబడే చూసుకోవచ్చు, మొహమాటపడాల్సిన పనిలేదు.

వడ్డాణం, చంపసరాలు, వంకీలు లాంటివి కొనాలా అని అడిగితే, ఈ బడ్జెట్‌లో అద్దెకు తెచ్చుకోమనే చెబుతాను. వంద గ్రాముల వడ్డాణం పై ధర ప్రకారం 10 లక్షలు, తరుగు వేరే. పెళ్లినాడు పెట్టుకున్నాక మళ్లీ ఎప్పుడు పెట్టుకుంటారో ఆలోచించండి. ఆ డబ్బులో పదో వంతుతో రోజూ వేసుకునే గొలుసో గాజులో కొనుక్కుంటే ఒంటి మీద ఉంటాయి.

చీరల సంగతి క్లుప్తంగా. ముహూర్తానికి కట్టుకునేది మధుపర్కం, ఎర్రంచు తెల్లచీర. ఖరీదైన పట్టుచీర ఒక్కటి చాలు, గద్వాలో ధర్మవరమో ఉప్పాడో మీ ఇష్టం, సిల్క్ మార్క్ చూసి తీసుకోండి. ముహూర్తాలు లేని ఆషాఢంలో బట్టల దుకాణాలు ధరలు తగ్గిస్తాయి, శ్రావణంలో పెళ్లయితే అప్పుడే కొనడం లాభం. మగ్గం వర్క్ జాకెట్లకు కూడా అదే మంచి సమయం. ఈమధ్య జాకెట్ ఖరీదు చీర ఖరీదును దాటిపోతోంది, ఒక్కదానికే చేయించుకోండి. ఫొటోల దగ్గర పెళ్లికి ముందు షూటింగు, డ్రోను మానేసి, ఆ డబ్బుతో మంచి పనితనం ఉన్న ఒక్క ఫొటోగ్రాఫర్‌ను పెట్టుకోండి. ఆల్బమ్ షీట్ల లెక్కన ధర ఉంటుంది కాబట్టి ఎన్ని షీట్లో ముందే రాయించుకోండి.

ఇంతకీ పెళ్లి కావడానికి ఏం కావాలి? హిందూ వివాహ చట్టం, 1955 ఏడో సెక్షన్ ప్రకారం వధువు లేదా వరుడి వైపు ఆచారాల ప్రకారం వివాహ విధులు జరగాలి. అందులో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టే. ఆ విధులు జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే చెల్లదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఆచారంలో మధుపర్కాలు, జీలకర్ర బెల్లం, బాసికాలు, కొబ్బరిబోండాం, తలంబ్రాలు, పుట్టింటివారొకటి అత్తింటివారొకటి తెచ్చే మంగళసూత్రాలు, మెట్టెలు. బంగారం, వెండి తీసేస్తే వీటికీ, మంత్రానికీ, మేళానికీ పై లెక్కలో వేసింది 35 వేలే. 6 లక్షల్లో నూటికి ఆరు రూపాయలు కూడా కాదు. పెళ్లిని పెళ్లిగా చేసే భాగంలో రూపాయి తగ్గించకుండానే మిగతా 94 రూపాయల్లో ఎంతైనా సర్దుకోవచ్చు.

ఇంకా తగ్గాలంటే కొండ మీద పెళ్లి ఉంది. అన్నవరం, ద్వారకా తిరుమలలో ముహూర్తాల రోజుల్లో వరసగా పెళ్లిళ్లు జరుగుతూనే ఉంటాయి. తిరుమలలో పాపవినాశనం దారిలోని కల్యాణ వేదికలో టీటీడీ 2016 నుంచి ఉచితంగా పెళ్లిళ్లు చేయిస్తోంది. పురోహితుడు, మంగళవాద్యం వాళ్లవే, మిగతా సామగ్రి మనం తీసుకెళ్లాలి. వధూవరులకు, ఇద్దరి తల్లిదండ్రులకు కలిపి ఆరుగురికి దర్శనం కూడా ఉంటుంది. ప్రేమ వివాహాలు, రెండో పెళ్లిళ్లు అక్కడ చేయరు. "గుడిలో చేస్తే లేక చేశారంటారు" అనే భయం వద్దు. మొక్కు అని చెప్పి అక్కడ చేసుకునే కలిగినవాళ్లు ఎందరో ఉన్నారు.

అప్పు చేయక తప్పదనుకుంటే ఎలాంటి అప్పో చూడండి. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షలకు నెలకు 6 వేలు. మూడేళ్లలో వడ్డీయే 2 లక్షల 16 వేలు అవుతుంది, అసలు 3 లక్షలు అలాగే ఉంటాయి. అదే 3 లక్షలు బ్యాంకులో 12 శాతానికి మూడేళ్ల వాయిదాలతో తీసుకుంటే నెలకు 9,964 కడతారు, మూడేళ్లకు అసలూ వడ్డీ రెండూ తీరిపోతాయి. మొత్తం వడ్డీ 59 వేల లోపే. నెల వాయిదా ఎక్కువగా కనిపిస్తుందని వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లకండి. ఆ వాయిదా కట్టలేమనిపిస్తే, అంత అప్పు తీసుకోకూడదనే అర్థం. అప్పుడు మళ్లీ జాబితా తియ్యండి.

తెలంగాణలో అర్హత ఉన్న కుటుంబాలకు కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాల కింద 1,00,116 రూపాయలు వధువు తల్లి పేరున చెక్కుగా వస్తాయి. అమ్మాయికి 18 ఏళ్లు నిండాలి, కుటుంబ ఆదాయం మీద పరిమితి ఉంది, మీసేవలో దరఖాస్తు చేయాలి. అయితే పరిశీలన అయి చెక్కు చేతికి అందేసరికి పెళ్లి ఎప్పుడో అయిపోవచ్చు. దాన్ని నమ్ముకుని హాలుకు అడ్వాన్సు ఇవ్వకండి. వచ్చినప్పుడు అప్పు అసలులో కట్టండి.

ఈ లెక్కలో ఒక పద్దు లేదు, ఉండకూడదు కూడా. కట్నం. లాంఛనాలని, ఆడపడుచు కట్నమని, బండి అని ఏ పేరుతో అడిగినా అది వరకట్న నిషేధ చట్టం, 1961 కింద నేరమే. ఇచ్చినా పుచ్చుకున్నా కనీసం అయిదేళ్ల జైలు. మీరు భోజనాల్లో, పూలల్లో కష్టపడి మిగిల్చిన డబ్బు ఒక్క మాటతో అటు వెళ్లిపోతే ఈ పొదుపంతా ఎవరి కోసం? ఇష్టంతో పెట్టిన కానుకలకైతే జాబితా రాసి రెండు వైపులా సంతకాలు పెట్టించుకోండి. ఆ చట్టం కింద 1985లో వచ్చిన నిబంధనలే ఆ జాబితా ఉండాలంటున్నాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. శుభలేఖ, వయసు, చిరునామా రుజువులు, ఫొటోలు, సాక్షుల ఆధార్ ఒక కవరులో పెట్టుకుని, సెలవు అయిపోకముందే ఆ పని పూర్తి చేసుకోండి.

ఇక మిగిలింది ఈ లెక్కను ఎవరికి చూపించాలన్నదే. అమ్మానాన్నలకు ముందు చూపించండి, ఆ తర్వాత తప్పకుండా కాబోయే భర్తకు చూపించండి. పెళ్లి మీ వైపు, రిసెప్షన్ మా వైపు అని విడదీసుకోవడం కంటే ఒక్క వేడుకే చేసి ఖర్చు చెరిసగం పంచుకుందామా అని మీరే అడగండి. ముహూర్తం పెట్టించకముందే అడగండి, ఎందుకంటే హాలుకు అడ్వాన్సు ఇచ్చాక ఈ మాట ఎవరూ వినరు.